జిగ్గీ స్టార్‌డస్ట్: పదకొండు పాటలు, ఒక గిటారు, ఒక వేషం

జనవరిలో మొదలుపెట్టాను. ఇంగ్లీషు రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఆల్బమ్ జిగ్గీ స్టార్‌డస్ట్ మొత్తాన్ని, రికార్డు మీద ఉన్న వరసలోనే, ఒక్క అకూస్టిక్ గిటారుతో పాడుతూ వాయించాలన్నది పని. 1972 జూన్ 16న వచ్చిన రికార్డు, పదకొండు పాటలు, దాదాపు 38 నిమిషాలు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ నలభై నిమిషాలు, ఆదివారం గంటన్నర. శనివారం రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి రాజమండ్రిలో ఉన్న చెల్లికి పంపాలని నియమం పెట్టుకున్నాను. తనకి ఇంగ్లీషు రాక్‌తో పరిచయం లేదు. కానీ పదేళ్లు కూచిపూడి నేర్చుకుంది. వినికిడి గట్టిది, మొహమాటం లేదు.

మొదటి వారం: ఫైవ్ ఇయర్స్. చరణాలకి జీ, ఈ మైనర్, ఏ, సీ కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు), అంతే. తకిట తకిట అని లెక్కపెట్టుకుంటే నడక దొరికింది. అసలు పాట వుడీ వుడ్‌మాన్సీ డ్రమ్స్‌తో దూరం నుంచి నడిచొచ్చినట్టు మొదలవుతుంది, చివర మళ్లీ ఆ డ్రమ్సే మిగులుతాయి. నా దగ్గర డ్రమ్స్ లేవు కాబట్టి గిటారు పెట్టె మీద అరచేత్తో కొట్టాను. కష్టమంతా గొంతుతోనే. భూమికి ఐదేళ్లే మిగిలాయన్న వార్త విని బజారులో నిలబడ్డ మనిషి పాట ఇది. మెల్లగా మొదలై అరుపు దాకా పోతుంది. నేను రెండో చరణంలోనే అరిచేశాను, చివరికి గొంతు మిగల్లేదు. ఇప్పుడు మొదటి చరణం బొటనవేలితో కింది స్వరాల తీగల మీదే వాయిస్తున్నాను. చెయ్యి తగ్గితే గొంతూ దానంతటదే తగ్గుతోంది.

చెల్లి జవాబు: "బాగుంది అన్నయ్యా. కానీ ఇందులో నువ్వెవరివి? సూత్రధారుడివా, వేషమా?"

జవాబు తోచలేదు. ఆ రాత్రి రికార్డంతా ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ విన్నాను. ఇరవై ఏళ్లుగా ఇదంతా జిగ్గీయే, అంటే వేరే గ్రహం నుంచి దిగిన రాక్ గాయకుడిగా బోవీ కట్టిన వేషమే, పాడుతోందని అనుకుంటూ వచ్చాను. కాదు. పాటపాటకీ పాడే మనిషి మారుతున్నాడు.

మూడో వారం: సోల్ లవ్ రెండు రోజుల్లో కుదిరింది. మూనేజ్ డేడ్రీమ్‌కి ఐదు రోజులు పట్టింది. డీ తర్వాత వెంటనే ఎఫ్ షార్ప్ బారే (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే కార్డు), ఆపైన బీ మైనర్. ఎఫ్ షార్ప్‌లో రెండో తీగ మూగబోతుంటే చూపుడువేలిని కాస్త పక్కకి దొర్లించి ఎముక వైపుతో నొక్కాను, పలికింది. ఇక్కడ మాత్రం పాడేవాడు నేను ఇది, నేను అది అని తనని తాను చాటుకుంటాడు. చెల్లికి ఈ పాట బాగా నచ్చింది. "ఇది ప్రవేశ దరువు అన్నయ్యా! తెర మీద జడ వేసి భామ తానెవరో చెప్పుకున్నట్టుంది" అంది. నిజమే, కానీ ఈ వేషం లోపలికి వచ్చింది గానీ పేరు చెప్పలేదు. ఆ పేరు కోసం రికార్డు రెండో వైపు దాకా ఆగాలి.

ఐదో వారం: స్టార్‌మాన్. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ, ఎక్కువ సంతోషపెట్టిందీ ఇదే. పల్లవి మొదటి మాటలోనే గొంతు సరిగ్గా ఒక స్థాయి పైకి దూకాలి. నాకు ఆ పై స్వరం అందదు. గిటారు మెడకి బిగించే కాపో క్లిప్పుతో శ్రుతి పెంచగలం గానీ తగ్గించలేం. అందుకని ఆరు తీగల్నీ రెండు ఫ్రెట్ల (గిటారు మెడ మీది మెట్ల) మేర కిందికి దించాను. కార్డుల ఆకారాలు అవే ఉంటాయి, గొంతుకి ఊపిరాడుతుంది. కానీ దించగానే పలచటి పదకొండు నంబరు తీగల సెట్టు వదులై గరగరమంది. మందమైన పదమూడు సెట్టు వేయించాక ఆ గరగర పోయింది, వేళ్లు మాత్రం వారం రోజులు మండాయి. దాంతో నాకు ఆల్బమ్ మొత్తం దించిన శ్రుతిలోనే అయిపోయింది. గొంతు నొప్పి లేకుండా చివరిదాకా పాడటమే ముఖ్యం అనుకున్నాను.

ఈ పాట ఆల్బమ్‌లోకి ఆఖర్న వచ్చింది. సింగిల్‌గా (విడి పాటగా) వేయడానికి ఒకటి కావాలని ఆర్‌సీఏ రికార్డు కంపెనీ అడిగితే బోవీ దీన్ని రాశాడు. అప్పటిదాకా ఆ చోటులో చక్ బెర్రీ పాట ఒకటి ఉండేది. 1972 జూలై 6న బీబీసీ టాప్ ఆఫ్ ది పాప్స్‌లో ఎర్రజుట్టుతో, నీలం రంగు పన్నెండు తీగల గిటారుతో, పక్కనున్న గిటారిస్టు మిక్ రాన్సన్ భుజం మీద చెయ్యి వేసి పాడింది ఇదే. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చిత్రమేమిటంటే అంత వేషం కట్టుకుని పాడినా, పాట లోపల మాట్లాడేది రాత్రి రేడియో వింటున్న ఒక కుర్రాడు. వేషం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఇది తెలిశాక పై స్వరాన్ని అరవడం మానేసి ఆశ్చర్యపోయినట్టు పాడాను. రికార్డింగ్‌లో తేడా స్పష్టంగా వినిపించింది.

ఇట్ ఎయింట్ ఈజీ రాన్ డేవీస్ రాసిన పాట, బోవీది కాదు. వరస తప్పకూడదని నేర్చుకున్నాను గానీ మనసు అతకలేదు.

మధ్యలో ఒక ఆదివారం రీజెంట్ స్ట్రీట్ పక్కనున్న హెడన్ స్ట్రీట్‌కి వెళ్లొచ్చాను. లండన్‌లో ఉంటూ ఇన్నేళ్లు వెళ్లకపోవడం తప్పే. 1972 జనవరిలో అట్ట ఫోటో బ్రయాన్ వార్డ్ తీసింది ఇక్కడే. తీసింది నలుపు తెలుపులో, రంగులు తర్వాత చేత్తో వేశారు. 2012లో 23వ నంబరు గోడకి ఒక ఫలకం పెట్టారు. అక్కడి నుంచి సోహోలో సెంట్ ఆన్స్ కోర్ట్‌కి నడిచాను. రికార్డు చేసిన ట్రైడెంట్ స్టూడియో ఉన్న సందు అది. రెండింటి మధ్యా పది పదిహేను నిమిషాల నడక. వేరే గ్రహం నుంచి దిగినవాడి కథంతా ఇంత చిన్న చోట తయారైందని కాళ్లకి తెలిసింది.

తొమ్మిదో వారం: రెండో వైపు. లేడీ స్టార్‌డస్ట్ అసలు రాన్సన్ పియానో మీద నడుస్తుంది. గిటారు మీద తీగలన్నీ కలిపి స్ట్రమ్ చేస్తే బండగా ఉంది, వేళ్లతో ఒక్కో తీగా మీటాను. ఇక్కడ పాడేవాడు జనంలో నిలబడి వేదిక మీది మనిషిని చూస్తున్నాడు. స్టార్, హ్యాంగ్ ఆన్ టు యువర్‌సెల్ఫ్ రెండూ వేగం పాటలు. మోచేయి వదిలేసి మణికట్టుతో కొట్టడం అలవాటయ్యాకే చెయ్యి లాగడం ఆగింది.

జిగ్గీ స్టార్‌డస్ట్ పాటకి జీ, బీ మైనర్, సీ, డీ. మొదట్లో వచ్చే రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరసలో) చిటికెన వేలు బాగా పనిచేయాలి. తాళం కొట్టే మెట్రోనోమ్ 50 దగ్గర మొదలుపెట్టి రోజుకి నాలుగు చొప్పున పెంచాను. పేరు చివరికి ఇక్కడ వినిపించింది, కానీ చెప్తున్నది జిగ్గీ కాదు, అతని బృందంలో వాయించిన తోటివాడు. అంతా జరిగిపోయాక తలుచుకుంటూ, కొంచెం కోపంగా చెప్తాడు. పాటలో జిగ్గీ ఎడమచేత్తో వాయిస్తాడు. బోవీ కుడిచేత్తో వాయించేవాడు. "అయితే సూత్రధారుడే" అని చెల్లి తేల్చేసింది.

పదమూడో వారం, ఇప్పుడు: రాక్ అండ్ రోల్ సూయిసైడ్. సీ, ఈ, ఎఫ్, జీ, ఏ మైనర్‌లతో చెవిలో చెప్పినట్టు మొదలవుతుంది. ఇందులో పాడేవాడు ఎదురుగా ఉన్న నీతోనే మాట్లాడతాడు, నువ్వు ఒంటరివి కావంటాడు. 1973 జూలై 3న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో ఇదే ఆఖరి షో అని బోవీ ప్రకటించి ఈ పాటే పాడాడు. బేస్ గిటారు వాయించే ట్రెవర్ బోల్డర్‌కి, డ్రమ్మర్ వుడ్‌మాన్సీకి ఆ మాట ముందు తెలియదు. అప్పటికే అలాడిన్ సేన్ ఆల్బమ్ వచ్చి మొహం మీద ఎరుపు నీలం మెరుపు గీత కూడా చేరింది. 1976కల్లా తెల్ల చొక్కా, నల్ల వెస్ట్‌కోటుతో థిన్ వైట్ డ్యూక్ అనే ఇంకో వేషం అయ్యాడు. ఒక వేషం ఒంటికి అంటుకుపోకముందే విప్పేయడం అతనికి ఎంత కష్టమైందో ఈ పాట పాడుతుంటే నా గొంతుకి అర్థమవుతోంది.

ఇక మిగిలింది చివరి భాగం. సీ నుంచి అర స్వరం పైకి, డీ ఫ్లాట్‌కి వెళ్లాలి. నాలుగో ఫ్రెట్ బారే, పదమూడు సెట్టు తీగలు. రికార్డులో ఆఖర్న వయొలిన్లు ఆ ఒక్క కార్డు మీద ఆగుతాయి. నాకు పదిసార్లలో ఆరుసార్లు ఒకటో తీగ పలకడం లేదు. ఈ శనివారానికి పదికి పదిసార్లూ పలకాలి.