8000 హెర్ట్జ్ కీబోర్డు కొనేముందు

గేమింగ్ కీబోర్డు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చేసే అంకెలు చాలామటుకు వేలికి తెలిసేవి కావు. ఓ మోస్తరు మెకానికల్ కీబోర్డుకూ (ప్రతి కీ కింద విడిగా స్విచ్ ఉండేది), ఫీచర్లన్నీ కుక్కిన ఖరీదైనదానికీ ధరలో మూడు నాలుగు రెట్ల తేడా సులువుగా ఉంటుంది. ఆ తేడాలో ఆటను నిజంగా మార్చేది ఒక్కటే, అదీ కొన్ని రకాల ఆటల్లోనే. మిగతావాటిలో కొన్ని చేతికి సుఖం, కొన్ని కంటికి ఇంపు, కొన్ని ఉత్త అంకెలు.

ముందు అంకెల సంగతి. కంప్యూటర్ సెకనుకు ఎన్నిసార్లు కీబోర్డును "ఏమైనా ఉందా?" అని అడుగుతుందో అదే పోలింగ్ రేటు. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 అయితే 1 మిల్లీసెకనుకోసారి, 8000 అయితే 0.125 మిల్లీసెకనుకోసారి. కీ నొక్కిన క్షణం ఈ వ్యవధిలో ఎక్కడైనా పడొచ్చు కాబట్టి సగటు ఆలస్యం అందులో సగం. ఆ లెక్కన 125 నుంచి 1000కి మారితే 3.5 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 1000 నుంచి 8000కి వెళ్తే కలిసొచ్చేది 0.44 మాత్రమే. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్క ఫ్రేమ్ నిలిచేదే 6.9 మిల్లీసెకన్లు. పైగా 8000 దగ్గర ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. 1000 హెర్ట్జ్ అంటారా, అది ఇప్పుడు చవక గేమింగ్ కీబోర్డుల్లో కూడా ఉంది.

ఇందులో ఇంకో తిరకాసు డీబౌన్స్. మామూలు మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులు తగిలేటప్పుడు ఒక్కసారిగా కుదురుకోవు, కాసేపు ఎగిరెగిరి తగులుతాయి. అక్షరం రెండుసార్లు పడకుండా కీబోర్డు లోపలి ప్రోగ్రాం అయిన ఫర్మ్‌వేర్ ఆ కుదుపు ఆగేదాకా కాచుకుంటుంది, సాధారణంగా 5 మిల్లీసెకన్లు. పోలింగ్ 8000 పెట్టి డీబౌన్స్ 5 దగ్గర వదిలేయడమంటే గుమ్మంలో అరగంట నిలబెట్టి వీధిలో పరుగెత్తించడమే. తొలి తాకిడికే సమాచారం పంపేసి తర్వాతి కుదుపుల్ని పట్టించుకోని ఫర్మ్‌వేర్లూ ఉన్నాయి. ఏది వాడారో డబ్బా మీద ఎవరూ రాయరు. కొన్నాళ్లకు ఏదో ఒక కీ రెండేసి అక్షరాలు వేస్తుంటే డీబౌన్స్‌ను 8 లేదా 10కి పెంచి చూడండి. అప్పటికీ తగ్గకపోతే తప్పు స్విచ్‌దే.

ఇక డబ్బు పెట్టదగ్గ ఆ ఒక్కటి: మాగ్నెటిక్ స్విచ్, దాంతో వచ్చే రాపిడ్ ట్రిగ్గర్. ఇందులో లోహపు రేకులు ఉండవు. కీతోపాటు కిందికి దిగే కాండంలో చిన్న అయస్కాంతం, కింద సర్క్యూట్ బోర్డు మీద అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ గమనించిన ప్రభావమే దీనికి ఆధారం. అయస్కాంతం ఎంత దగ్గరికొచ్చిందో సెన్సర్ కొలుస్తూనే ఉంటుంది కాబట్టి కీ ఎంత లోతున పలకాలో, అంటే నొక్కినట్టు కంప్యూటర్‌కు తెలియాలో, మనమే పెట్టుకోవచ్చు, చాలా బోర్డుల్లో 0.1 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా.

దీని లాభం కీ నొక్కడంలో కంటే వదలడంలో ఎక్కువ. చెర్రీ రెడ్ స్విచ్ తీసుకోండి: మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు, పలికేది 2 దగ్గర. వేలు అడుగు దాకా నొక్కితే, కీ వదిలినట్టు కంప్యూటర్‌కు తెలియాలంటే ఇంచుమించు 2 మిల్లీమీటర్లు పైకి రావాలి. వేలు సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో లేస్తుందనుకుంటే దానికే 20 మిల్లీసెకన్లు. రాపిడ్ ట్రిగ్గర్‌లో ఫలానా లోతు అనే గీత లేదు. వేలు దిశ మార్చి 0.2 మిల్లీమీటర్లు పైకి వచ్చిందంటే చాలు, కీ వదిలినట్టే. మళ్లీ 0.2 కిందికి దిగితే నొక్కినట్టే. అదే వేగానికి 2 మిల్లీసెకన్లు. మిగిలిన 18 మిల్లీసెకన్లను పైన చెప్పిన 0.44 పక్కన పెట్టి చూసుకోండి.

అయితే ఇది పనికొచ్చేది కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ లాంటి తుపాకీ కాల్పుల ఆటల్లో. అక్కడ కదులుతూ కాలిస్తే గుండు గురి తప్పుతుంది, అందుకే కుడికి పోతున్నవాడు డీ (కుడివైపు కీ) వదిలి, ఏ (ఎడమవైపు కీ) తట్టి, టక్కున ఆగి కాలుస్తాడు. ఆ ఆగడం ఎంత త్వరగా జరిగితే అంత మేలు. కథ నడిచే ఆటలకు, వ్యూహపు ఆటలకు, క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. వాటికోసమైతే మాగ్నెటిక్ జోలికి పోకండి.

కొన్నాక సెట్టింగులన్నీ 0.1కి లాగేయడం చాలామంది చేసే పొరపాటు. వేలు కీ మీద ఊరికే ఆనించినా పలుకుతుంది, టైపు చేస్తే ప్రతి వాక్యంలో అక్షరాలు దొర్లుతాయి. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగింటికీ పలికే లోతు 0.6 నుంచి 1 దాకా, రాపిడ్ ట్రిగ్గర్ 0.2 దగ్గర మొదలుపెట్టండి. మిగతా కీలకు 1.5 ఉంచి, వాటికి రాపిడ్ ట్రిగ్గర్ ఆపేయండి. గ్రెనేడ్ కీ, అల్టిమేట్ కీ (పాత్ర అతిపెద్ద శక్తిని వాడేది) లాంటివి 2 దగ్గరుంటేనే క్షేమం. ముట్టుకోకుండానే ఏదైనా కీ పలుకుతుంటే కంగారుపడి స్విచ్ పీకకండి, ముందు క్యాలిబ్రేషన్ చేయండి: సాఫ్ట్‌వేర్‌లో అది మొదలుపెట్టి ప్రతి కీనీ అడుగంటా నొక్కి నెమ్మదిగా పూర్తిగా వదలాలి. స్విచ్‌లు మార్చినా ఇది తప్పదు. ఇంకో మాట, ఏ మాగ్నెటిక్ స్విచ్ పడితే అది ఏ బోర్డులో పడితే అందులో పనిచేయదు. అయస్కాంతం బలం, దాని ధ్రువాల దిశ బోర్డుకు సరిపోవాలి.

దీనికి తోబుట్టువులా వచ్చిన ఫీచరు ఒకటుంది: ఏ, డీ రెండూ నొక్కి ఉన్నప్పుడు చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకోవడం. 2024 జులైలో కీబోర్డుల కంపెనీ రేజర్ దీన్ని స్నాప్ ట్యాప్ పేరుతో తెచ్చింది. ఆగస్టులోనే ఆ ఆట తయారుచేసే వాల్వ్ కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దీన్ని నిషేధించింది. వాడుతూ దొరికితే మ్యాచ్ నుంచి బయటికి గెంటుతుంది. రాపిడ్ ట్రిగ్గర్‌కు ఆ బెడద లేదు. కాబట్టి స్నాప్ ట్యాప్ ఉందని ఎక్కువ ధర పెట్టడం వృథా, ఉంటే ఆపేసుకోవడం మేలు.

ఫీచర్ల పట్టికలో చిన్న అక్షరాల్లో ఉండి, అన్నిటికంటే ముందు చూడాల్సింది రోలోవర్, అంటే ఒకేసారి నొక్కిన కీలు ఎన్ని అందుతాయన్నది. చవక మెంబ్రేన్ కీబోర్డుల్లో (స్విచ్‌లకు బదులు పల్చని పొర ఉండేవి) కొన్ని జతలకు మూడో కీ నొక్కితే అది అందదు. పరీక్ష తేలిక. నోట్‌ప్యాడ్ తెరిచి రెండు షిఫ్టులూ ఒకేసారి నొక్కిపట్టి ఇంగ్లిష్ అక్షరాలు ఇరవయ్యారూ వరసగా కొట్టండి. కొన్ని రాకుండా పోయాయంటే అదే ఆ లోపం. ఆటకోసమైతే బ్రౌజర్‌లో ఏదైనా కీబోర్డు టెస్టర్ తెరిచి, డబ్ల్యూ, ఏ, షిఫ్టు, స్పేస్ పట్టి ఉంచి, ఆర్, సీ, ఎఫ్, పైనున్న అంకెలు ఒక్కొక్కటే తట్టి చూడండి. ఎన్-కీ రోలోవర్ (ఎన్ని నొక్కినా అన్నీ అందేది) అని రాసి ఉంటే ఈ బాధ ఉండదు. ఆరు కీల రోలోవర్ ఉన్నా చాలు, ఆటలో ఒకేసారి ఏడు వేళ్లు వాడేవాళ్లు అరుదు.

చేతికి రోజూ తెలిసేవి స్టెబిలైజర్లు (పొడవాటి కీలు ఊగకుండా పట్టే వైర్లు), కీక్యాప్‌లు. ఖరీదైన కీబోర్డుల్లోనూ స్పేస్‌బార్ గిలకలా చప్పుడు చేయడం మామూలే. దానికి మందు: కీక్యాప్ ఊడదీసే వైరు పుల్లర్‌తో స్పేస్‌బార్‌ను రెండు కొసల దగ్గర నిటారుగా లాగండి. స్టెబిలైజర్ వైరు కొసలు దూరే చోట డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు కొద్దిగా, అగ్గిపుల్ల కొనకు అంటినంత, పెట్టి పైకీ కిందికీ పదిసార్లు ఆడించండి. ఎక్కువైతే కీ బద్ధకంగా లేస్తుంది. ఒక పక్కే చప్పుడొస్తుంటే వైరు వంగి ఉంటుంది. తీసి అద్దం మీద పెట్టి ఒక కొస నొక్కితే రెండోది లేస్తుందేమో చూసి సరిచేయాలి. కీక్యాప్‌లు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి అయితే కొన్ని నెలల్లో నూనె రాసినట్టు మెరుస్తాయి, పీబీటీ అనే ప్లాస్టిక్ ఆ మెరుపుకు చాలాకాలం ఆగుతుంది. కీక్యాప్‌లు తర్వాతైనా మార్చుకోవచ్చు, కాకపోతే స్పేస్‌బార్ 6.25, దాని పక్క కీలు 1.25 కొలతలో (అక్షరం కీ వెడల్పు 1 అనుకుంటే) ఉన్నాయో లేదో చూసుకుని కొనండి. కొన్ని గేమింగ్ కీబోర్డుల్లో కింది వరస వేరే కొలతల్లో ఉంటుంది, బయట సెట్లు పట్టవు.

హాట్‌స్వాప్ (టంకం పని లేకుండా స్విచ్ పీకి మార్చుకునే వీలు) మాత్రం కావాల్సిందే. ఒక్క స్విచ్ పోతే కీబోర్డంతా మూలపడదు. స్విచ్ పెట్టేముందు కింది రెండు కాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. వంకరది మడతపడి లోపలికి పోతుంది, కీ పలకదు, జనం బోర్డు పోయిందనుకుంటారు. బయటికి తీసి చిమటాతో సరిచేస్తే చాలు. కసిగా నొక్కితేనే ప్రమాదం, వెనక సాకెట్ టంకంతో సహా ఊడొస్తుంది.

వైర్‌లెస్ కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రిసీవర్) ఉన్నదే తీసుకోండి, బ్లూటూత్ టైపింగ్‌కే. డాంగిల్‌ను క్యాబినెట్ వెనక యూఎస్‌బీ 3 పోర్టు పక్కన గుచ్చితే కీలు అప్పుడప్పుడూ అందవు, ఎందుకంటే ఆ పోర్టు రొద అదే పౌనఃపున్యంలో పడుతుంది. ఎక్స్‌టెన్షన్ వైరుతో కీబోర్డుకు జానెడు దూరంలోకి తెచ్చుకుంటే పోతుంది. లైట్లన్నీ వెలిగిస్తే బ్యాటరీ వారాల నుంచి రోజులకు పడిపోతుందని వేరే చెప్పక్కర్లేదు.

చిన్న తెర, ప్రత్యేకంగా మాక్రో కీలు (ఒక్క నొక్కుతో వరస పనులు చేసేవి), రంగురంగుల లైట్ల నాట్యం: వీటికి విడిగా డబ్బు పెట్టే పనే లేదు. క్యూఎంకే, వయా (కీల పనిని మనమే మార్చుకోనిచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు) పనిచేసే కీబోర్డైతే క్యాప్స్‌లాక్‌ను లేయర్ కీగా (పట్టి ఉంచితే మిగతా కీలకు వేరే పనులిచ్చేది) మార్చి దాని వెనక ఎన్ని మాక్రోలైనా దాచుకోవచ్చు, ఖర్చు సున్నా. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడే కీబోర్డుతో మాత్రం జాగ్రత్త. వాపసు గడువు దాటకముందే ఒక పని చేయండి: సెట్టింగులు పెట్టి, కీబోర్డులోనే సేవ్ చేసి, వైరు పీకి, ఆ సాఫ్ట్‌వేర్ లేని ఇంకో కంప్యూటర్‌కు తగిలించండి. పలికే లోతూ మాక్రోలూ అక్కడ కూడా అలాగే ఉంటే ఉంచుకోండి, లేకపోతే ఆ డబ్బాలోనే పెట్టి వెనక్కి పంపేయండి.