గుండు ఊగడం ఆగేదాకా

మా నాన్న తాపీ మేస్త్రీ. భీమవరం చుట్టుపక్కల నలభై ఏళ్లు ఇళ్లు కట్టారు. నేను హైదరాబాద్‌లో మందుల హోల్‌సేల్ షాపు నడుపుతున్నాను. ఫ్రీమేసన్లని ఒక సోదర సంఘం ఉంది, మేస్త్రీల పనిముట్లను గుర్తులుగా పెట్టుకుని మంచి నడవడి నేర్పుతుంది. దాని శాఖను లాడ్జి అంటారు. అలాంటి లాడ్జిలో చేరానని ఫోన్‌లో చెబితే, "మేసన్లంటే మేస్త్రీలేగా, ఏం కడతారక్కడ?" అని అడిగారు నాన్న. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను.

మా లాడ్జి గోషామహల్ బారాదరిలో కలుస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ భవనాన్ని 1872లో, ఆరో నిజాం కాలంలో, ఫ్రీమేసన్లకు ఇచ్చారు. బయట చాలామంది దాన్ని దయ్యాల కొంప అంటారు. లోపల నేను చూసింది వేరు. చేరాలనుకున్నవాడు తనంతట తానే అడగాలి. దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఏ దేవుడన్నది వాళ్లు పట్టించుకోరు. అతన్ని చేర్చుకోవాలో వద్దో సభ్యులు తెల్ల గోళీలు, నల్ల గోళీలు వేసి తేలుస్తారు. లోపల మతం, రాజకీయం మాట్లాడకూడదు.

చేరినవాడు మెట్టు మెట్టుగా పైకెళ్తాడు, ఒక్కో మెట్టులో కొన్ని పనిముట్ల అర్థం చెబుతారు. మొదటి మెట్టులో ఇరవై నాలుగు అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. కొలబద్ద అంటే రోజులోని 24 గంటలు: కొంత ప్రార్థనకు, కొంత పనికి, కొంత ఆపదలో ఉన్నవాడికి. ఇది నాకు తొందరగానే వంటబట్టింది. రెండో మెట్టులో మూలమట్టం, మట్టం, గోడ నిటారుగా ఉందో లేదో చూసేందుకు దారానికి వేలాడదీసే గుండు. నీతి, సమానత్వం, నిటారుగా బతకడం. మాటలు కంఠతా వచ్చాయి. బతుకులోకి మాత్రం రాలేదు.

ఆ డిసెంబర్‌లో షాపులో ఒక కుర్రాడు బిల్లు తప్పు కొట్టాడు. కస్టమర్ ముందే అరిచి, జీతంలో 2,000 కోశాను. సంక్రాంతికి ఊరెళ్లాను.

పక్కింటివాళ్ల ప్రహరీ చూడమంటే నాన్న వెళ్తున్నారు, నేనూ వెంట వెళ్లాను. గోడ పైన చెక్క ఆనించి, దారం వదిలారు. కింద ఇత్తడి గుండు అటూ ఇటూ ఊగుతోంది. "బాగానే ఉంది నాన్నా" అన్నాను. "ఊగుతుంటే ఏం తెలుస్తుందిరా? ఆగనీ" అని అరచెయ్యి గుండు పక్కన పెట్టి నెమ్మదిగా నిలిపారు. గుండు గోడకు ఆనీ ఆనకుండా ఉంటే గోడ సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ వేలెడు ఎడం కనిపించింది. పైభాగం ముందుకు ఒరిగింది.

లాడ్జిలో గుండు గురించి ఎన్నిసార్లు విన్నానో! అది నిలిచేదాకా ఆగాలన్న సంగతి మాత్రం నాన్న చేతిలోనే చూశాను.

బస్సులో తిరిగొస్తూ రెండు తప్పులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అంతకుముందు ఆగస్టులో మా బామ్మర్ది అంతకంటే పెద్ద పొరపాటు చేసి సరుకు నష్టం తెచ్చాడు. "పోనీలే" అన్నాను. కుర్రాడికి మాత్రం జీతం కోశాను. నా గోడ ఎటు ఒరిగిందో అప్పుడు కనిపించింది. సిగ్గేసింది.

షాపు తెరిచిన రోజే ఆ కుర్రాణ్ణి పిలిచి 2,000 చేతిలో పెట్టాను. అరిచింది కస్టమర్ ముందు కాబట్టి, క్షమించమని కూడా కౌంటర్ దగ్గర అందరి ముందే అడిగాను. "పర్లేదన్నా" అని డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు కోపం వస్తే ముందు గోడౌన్‌లోకి వెళ్లి స్టాక్ రాసుకుంటాను. పది నిమిషాలు చాలు. బామ్మర్దితో మాట్లాడటం ఇంకా మిగిలే ఉంది. ఆదివారం భోజనానికి రమ్మన్నాను.