ఈ 'ఇండియన్' ఎవరు?

విశాఖ ఎంవీపీ కాలనీలో చదరంగం నేర్చుకుంటున్న మా అమ్మాయి ఒక ఆదివారం ఇంటికి వస్తూనే, "నాన్నా, కింగ్స్ ఇండియన్ అంటారు, నిమ్జో ఇండియన్ అంటారు, ఈ ఇండియన్ ఎవరు?" అని అడిగింది. అవి నల్లపావులతో ఆటను మొదలుపెట్టే కొన్ని పద్ధతుల పేర్లు. 'ఇండియన్' అన్నది మనిషి పేరు కాదనీ, మన దేశం పేరనీ చెప్పి ఊరుకోబోయాను కానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రెండు వారాల తరువాత తెలిసిందేమంటే, మా అమ్మాయి అడిగిన తీరే సరైనది. చదరంగంలో 'ఇండియన్ డిఫెన్స్' అన్న మాట 1884 నాటికే వాడుకలో ఉంది. ఆ పేరు, పంతొమ్మిదో శతాబ్దం నడిమి సంవత్సరాలలో కలకత్తాలో నల్లపావులతో ఆడిన ఒక బెంగాలీ బ్రాహ్మణుడి ఆటతీరును బట్టి వచ్చింది. ఆయన పేరు మహేశ్ చంద్ర బందోపాధ్యాయ.

ఆ పేరును పట్టుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది. ఆనాటి ఇంగ్లీషు పత్రికలు ఆయనను ఒకచోట మోహేశ్చందర్ అనీ, మరొకచోట మొహీషుందర్ అనీ, ఇంటిపేరును బెనర్జీ అనీ, బొనర్జీ అనీ, విన్నవారికి విన్నట్లుగా అచ్చువేశాయి. కొన్నిచోట్ల 'ఆ బ్రాహ్మణుడు' అని మాత్రమే రాసి సరిపెట్టాయి. విశాఖవాసులకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. పాత రికార్డులలో మన ఊరి గురించి వెతకాలంటే విశాఖపట్నం అని కాక వైజాగపటం అనీ, భీమునిపట్నానికి బిమ్లిపటం అనీ, శ్రీకాకుళానికి చికాకోల్ అనీ వెతకాలని తెలిసినవాళ్ళం. అదే అలవాటుతో ఒక కాగితం మీద ఆ పేరుకు వీలైన రూపాలన్నీ రాసుకుని, ఒక్కొక్కదానితో విడివిడిగా వెతకడం మొదలుపెట్టాక, ఒకరినొకరు ఎరుగని వేరువేరు వ్యక్తులుగా కనిపించినవాళ్ళంతా ఒక్క మనిషిగా కలిసివచ్చారు.

కథ 1848 ప్రాంతంలో మొదలవుతుంది. జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ బారిస్టరు అప్పటికి కలకత్తాలో న్యాయవాది. సామాన్యుడైన ఆటగాడు కాదు, 1840ల తొలినాళ్ళలో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు ఆనాటి మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ అంతటివాడితో వందలాది ఆటలు ఆడి వచ్చినవాడు. కలకత్తా చదరంగం క్లబ్బు సభ్యుడొకరు పల్లెప్రాంతానికి వెళ్ళినప్పుడు, అక్కడ ఓటమి ఎరుగని ఒక బ్రాహ్మణుడు ఉన్నాడని విని ఆయనను వెతికి పట్టుకున్నాడు. మహేశ్ చంద్ర నగరానికి వచ్చి కాక్రేన్‌తో తలపడ్డాడు, ఓడాడు. అయినా ఆయనలోని సహజ ప్రతిభను గుర్తించి క్లబ్బులో జీతమిచ్చి ఆటగాడిగా ఉంచుకున్నారు. అప్పటినుంచి దాదాపు 1860 వరకు ఆ ఇద్దరూ కొన్ని వందల ఆటలు ఆడారు. వాటిలో కొన్ని లండన్‌లో స్టాంటన్ సంపాదకత్వంలో వెలువడిన 'చెస్ ప్లేయర్స్ క్రానికల్' పత్రికకు చేరాయి.

ఆ ఆటలను బల్ల మీద పేర్చి చూడడం నేను అనుకున్నంత సులువుగా సాగలేదు. ఆ రోజుల్లో గడులకు ఇప్పటిలాగా ఒక్క పేరు ఉండేది కాదు. నిలువు వరుసను దాని అడుగున నిలిచే పావు పేరుతో పిలిచి, గడిని ఎవరి వైపునుంచి వాళ్ళు లెక్కపెట్టేవారు. అందువల్ల తెల్లవారి నాలుగో గడి నల్లవారికి ఐదో గడి అవుతుంది. మొదటి ఆటలోనే నేను నల్లవారి లెక్కను తెల్లవారి వైపునుంచి లెక్కించాను; పన్నెండో ఎత్తుకు వచ్చేసరికి గుర్రం వెళ్ళవలసిన గడిలో దాని సొంత బంటే నిలబడి ఉంది. మళ్ళీ మొదటినుంచి పేర్చుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆటనూ రెండుసార్లు, ఒకసారి తెలుపు వైపు, ఒకసారి నలుపు వైపు కూర్చుని రాసుకుంటున్నాను.

ఆయన ఆటతీరు నాకు నిజంగా అర్థమైంది మాత్రం పాత పత్రికల వల్ల కాదు, భీమిలిలో ఉండే మా మావయ్య వల్ల. ఆయన చిన్నప్పుడు అరుగు మీద నేర్చుకున్నది మన పాత పద్ధతి ఆట. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది. కోట కట్టడం (క్యాజ్లింగ్) లేదు. దానికి బదులు రాజు, తన మీద షా (చెక్) పడకముందు, ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. చివరి గడికి చేరిన బంటు ఏ వరుసలో చేరితే ఆ వరుస పావుగానే మారుతుంది. ఇలాంటి ఆటలో మొదటి పది పన్నెండు ఎత్తులలో పావులు ఎదురెదురు పడవు; ఎవరి ఇల్లు వాళ్ళు చక్కబెట్టుకుని, ఆ తరువాతే యుద్ధానికి దిగుతారు. మావయ్యను నల్లపావుల వైపు కూర్చోబెట్టి నేను ఇప్పటి పద్ధతిలో ఆడితే, ఆయన రాజు వైపు గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరిపి, ఆ ఖాళీలో శకటును (బిషప్‌ను) కూర్చోబెట్టారు. "నడుమ నువ్వే కట్టుకోరా, తరువాత చూద్దాం" అన్నారు. మహేశ్ చంద్ర కాక్రేన్ ఎదుట చేసింది అచ్చంగా అదే. నడిమి గడులను మొదటినుంచే బంట్లతో ఆక్రమించాలని యూరప్ ఆటగాళ్ళు నమ్ముతున్న కాలంలో అది వాళ్ళకు వింతగా తోచి ఉండాలి. నాకు మాత్రం అది తెలియనితనంగా కాక, మరొక ఆటలో పండిన తెలివిగా కనిపిస్తోంది.

1855 మే నెలలో ఆడిన ఒక ఆట ఇందుకు మంచి సాక్ష్యం. కాక్రేన్ తన మంత్రి ముందున్న బంటుతో మొదలుపెట్టగా, మహేశ్ చంద్ర గుర్రాన్ని బయటికి తెచ్చి, రెండో ఎత్తులో గుర్రపు బంటును ఒక్క గడి జరిపి, మూడో ఎత్తులో మంత్రి బంటును రెండు గడులు ముందుకు నెట్టి ఎదురు నిలిచాడు. ఆస్ట్రియాకు చెందిన ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ 1922లో ఈ పద్ధతినే పెద్ద పోటీలలో ప్రవేశపెట్టాక అది గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అయింది. కలకత్తా ఆటకూ దానికీ నడుమ 67 ఏళ్ళు. ఆనాటి ఆటలో చివరికి నల్లరాజు సొంత పావుల నడుమ కదలడానికి చోటు లేక, గుర్రం చేతిలో ఆట కట్టయింది. కాక్రేన్ చేసిన ఆ ముగింపు అందమైనదే.

అయితే నేను పదేపదే పేర్చి చూసేది మరొక ఆట. అందులో తెల్లవారు నాలుగు బంట్లను వరుసగా ముందుకు నడిపి మీదికి వస్తారు. మహేశ్ చంద్ర తొమ్మిదో ఎత్తులో ఒక గుర్రాన్ని బలి ఇస్తాడు. పదకొండో ఎత్తులో బంటును ఒక్క గడి జరిపి, తెల్ల శకటునూ గుర్రాన్నీ ఒకేసారి బెదిరిస్తాడు. కాక్రేన్ బదులుగా రెండో గుర్రాన్ని లోపలికి దూకించి, నల్లమంత్రినీ ఏనుగునూ కలిపి పట్టుకుంటాడు. అప్పుడు ఎవరైనా మంత్రిని తప్పిస్తారు. మహేశ్ చంద్ర మంత్రి వైపు చూడకుండా బంటుతో గుర్రాన్ని చంపుతాడు. కాక్రేన్ మంత్రిని తీసుకోగానే, ఆ బంటే మరో బంటును చంపి ఏనుగు మీదికి వెళుతుంది. అది దారి తప్పుకోవడంతో వెనుక ఉన్న శకటుకు తెల్లమంత్రి దొరికిపోతుంది. ఆ బలి పూర్తిగా సరైనది కాకపోవచ్చు, కానీ ఆట మాత్రం ఆయనదే అయింది. ఒక్క బంటు మూడు ఎత్తులలో ఇంత పని చేయడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మనకు అందిన ఆటలలో ఎక్కువ భాగం కాక్రేన్ గెలిచినవే. గెలుపోటముల లెక్క చూసి మహేశ్ చంద్రను రెండో తరగతి ఆటగాడని తేల్చడం సరికాదని నా అభిప్రాయం. ఆయన తనకు పరాయిదైన నియమాలతో, ఆనాటి గట్టి ఆటగాళ్ళలో ఒకడితో, ఆ ఎదుటివాడి వైపునుంచి పత్రికకెక్కిన ఆటలలో నిలబడ్డాడు. నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. 1848లో కాక్రేన్ ఆయన మీదనే, నల్లపావుల మరో ఆరంభ పద్ధతి అయిన పెట్రోఫ్ డిఫెన్స్‌లో ఒక గుర్రాన్ని బలి ఇచ్చి ఆడిన పద్ధతిని కాక్రేన్ గాంబిట్ అంటారు. 1999లో స్పెయిన్‌లోని లినారెస్‌లో మేటి గ్రాండ్‌మాస్టరు తోపలోవ్ దానిని మరో మేటి ఆటగాడు క్రామ్నిక్ మీద ఆడాడు, ఆ పేరుతోనే దాని గురించి రాశారు. తెల్లపావుల వైపు కూర్చున్నవాడి పేరు ఆయన ఎత్తుకు దక్కింది. నల్లపావుల వైపు కూర్చున్నవాడి ఎత్తులకు మాత్రం 'ఇండియన్' అని దేశం పేరు పెట్టారు, మనిషి పేరు పెట్టలేదు.

ఇప్పటికి ఇరవై రెండు ఆటలను ఇప్పటి పద్ధతిలోకి మార్చి ఒక నోటుపుస్తకంలో ఎక్కించాను. ప్రతి పుట పైన ఆయన పేరును బెంగాలీలు పలికే తీరుకు దగ్గరగా పూర్తిగా రాసి, దాని కింద మోహేశ్చందర్, మొహీషుందర్, బెనర్జీ, బొనర్జీ అన్న రూపాలన్నీ చేర్చాను. తెలుగులో ఎవరు ఏ రూపంతో వెతికినా ఈయన దొరకాలని ఇక్కడ కూడా వాటినన్నింటినీ రాశాను. మా అమ్మాయి ఆ బంటు ఆటను కంఠస్థం చేసింది. వచ్చే ఆదివారం తన తోటి పిల్లలకు బల్ల మీద పేర్చి చూపిస్తుందట.