ఎడమ సిలిండర్ చల్లగా ఉంది

నా పాత బైకు ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలైంది. వేలు నీళ్లలో ముంచి రెండు ఎగ్జాస్ట్ గొట్టాల మీదా చెరో చుక్క వేశాను. కుడి గొట్టం మీద చుక్క చుయ్‌మని ఆవిరైపోయింది. ఎడమ గొట్టం మీద చుక్క కాసేపు అలాగే నిలిచి, మెల్లగా కిందికి జారింది. నాలుగు నెలలుగా నన్ను ఏడిపిస్తున్న జబ్బు ఎటువైపు ఉందో ఆ చుక్కతో తెలిసింది. ఎందుకుందో తెలిసి, అది పోవడానికి మాత్రం ఇంకో మూడు ఆదివారాలు పట్టింది.

బండి 1977 నాటి మోటో గుట్సి 850 టీ3. మన దగ్గర చాలామంది గుజ్జి అని చదువుతారు గానీ ఇటలీలో పలికేది గుట్సి అనే. 844 సీసీ, చెరోవైపు బయటికి పొడుచుకొచ్చిన రెండు సిలిండర్లు, వెనక చక్రానికి చెయిన్ బదులు షాఫ్టు. నిలబెట్టి రేస్ ఇస్తే బండి మొత్తం కుడివైపుకి ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడే మనసు పడిపోయింది. మాది విజయవాడ. ఆటోనగర్‌లో మా నాన్న బుల్లెట్ విప్పినప్పుడల్లా మెకానిక్ పక్కన కూర్చుని పానాలు అందించినవాణ్ణి. ఉద్యోగం మీద మిలాన్ పక్కనున్న మోంజాకి వచ్చాక, మోటో గుట్సి పుట్టిన ఊరు మండెల్లో దెల్ లారియో ఇక్కడికి దగ్గరే అని తెలిసింది. ఇక ఆగలేదు.

ఆగాల్సి వచ్చింది మాత్రం లైసెన్సు దగ్గర. ఇటలీలో నివాసం నమోదైన ఏడాది తర్వాత మన లైసెన్సు చెల్లదు, దాన్ని వాళ్ల లైసెన్సుగా మార్చి ఇవ్వరు కూడా. మొదటి నుంచి రాయాలి. 30 ప్రశ్నలు, మూడు తప్పుల వరకు మాఫీ, నాకు అన్నీ ఇటాలియన్‌లోనే. నా ఇటాలియన్ కాస్త నిలబడింది ఆ పరీక్ష పుణ్యమే.

బండి కొన్న రోజు బాగానే నడిచింది. వారం తిరిగేసరికి నెమ్మదిగా వెళ్లేటప్పుడు దగ్గు మొదలైంది. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్లోంచి వెనక్కి టప్ టప్ మని ఊదుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, రేస్ ఇచ్చి వదిలితే ఐడ్లింగ్ ఒక్కోసారి ఒక్కోచోట నిలుస్తుంది. ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. కార్బరేటర్లు ట్యూన్ చేశామని డబ్బు తీసుకున్నారు. మూడు రోజులు బాగుంది, తర్వాత మళ్లీ అదే మిస్సింగ్.

ఇక్కడ మోటో గుట్సి బళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లని గుట్సిస్తీ అంటారు. అలాంటివాళ్లు నలుగురైదుగురు ఆదివారాలు ఒక పెద్దాయన గ్యారేజీలో చేరతారని తెలిసి, మొహమాటం వదిలి వెళ్లాను. ఆయన జీవితమంతా లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. మనసులో మాస్టారు అని పిలుచుకునేవాణ్ణి. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బరేటర్ వైపు వంగగానే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాని జోలికి చివర్లో పోదాం. ముందు ట్యాపెట్లు, తర్వాత పాయింట్లు, తర్వాత టైమింగ్. ఆ మూడూ సరిగ్గా ఉంటేనే కార్బరేటర్ నీతో నిజం చెబుతుంది."

ట్యాపెట్లంటే ఇక్కడ వాల్వుల దగ్గరుండే సన్నని సందు, పాయింట్లంటే తెరుచుకున్నప్పుడల్లా స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చులు, టైమింగ్ అంటే ఆ స్పార్కు పడే క్షణం.

మొదటి ఆదివారం ట్యాపెట్లు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ప్లగ్గులు తీసి, ఐదో గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజన్ తిరుగుతుంది. కుడివైపు, ఇంజన్‌కి గేరుబాక్సుకి మధ్య ఒక రబ్బరు మూత ఉంటుంది. అది తీస్తే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్ మీద గీతలు కనిపిస్తాయి. డి అంటే దెస్త్రో, కుడి సిలిండర్. ఎస్ అంటే సినిస్త్రో, ఎడమ. గీత ఎదురుగా వచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ సిలిండర్ గాలిని నొక్కే కంప్రెషన్ మీదే ఉండాలి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి తన్నడం తెలుస్తుంది. చక్రం నేను తిప్పాలి, గీత చూడాల్సింది కూడా నేనే. మాస్టారు వేలు మాత్రం రంధ్రం మీద పెట్టేవాడు. సందు ఇన్‌లెట్ వాల్వుకి, ఎగ్జాస్ట్ వాల్వుకి 0.22 మిల్లీమీటర్లు ఉండాలి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. నాలుగింటిలో మూడు బాగానే ఉన్నాయి, ఎడమ ఎగ్జాస్ట్ కొంచెం బిగుతుగా ఉంది. సరిచేశాం. దగ్గు కాస్త తగ్గింది, పోలేదు.

అసలు దొంగ దొరికింది రెండో ఆదివారం. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో జత కాంటాక్ట్ బ్రేకర్ (సీబీ) పాయింట్లు, రెండూ డిస్ట్రిబ్యూటర్ అనే ఒకే డబ్బాలో. కుడిది దగ్గరదగ్గర సరిగ్గానే ఉంది. ఎడమ పాయింట్లు తెరుచుకుంటున్నాయా అని అనుమానం వచ్చేంత సన్నంగా ఉంది గ్యాప్. తిరుగుతూ పాయింట్లని తెరిచే కామ్‌కి రాసుకునే చిన్న ఫైబర్ ముక్క అరిగిపోయింది. కామ్ మీద గ్రీజు అన్న మాటే లేదు, పొడిగా మెరుస్తోంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్కు ఆలస్యమవుతుంది, బలహీనపడుతుంది. ఎడమ గొట్టం చల్లగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆ సిలిండర్ ఐడ్లింగ్‌లో సగంసార్లు మండటమే లేదు.

నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకొకటి. ఎడమ కార్బరేటర్లో ఐడ్లింగ్ వేగం పెట్టే స్టాప్ స్క్రూ కుడిదానికంటే బాగా లోపలికి తిప్పి ఉంది. పాయింట్ల తప్పుని కప్పిపెట్టడానికి ఎవరో ఆ సిలిండర్‌కి రేస్ ఎక్కువ పెట్టి సరిపెట్టేశారు. కుంటుతున్న కాలికి వైద్యం మానేసి చెప్పు ఎత్తు పెంచినట్టు.

కొత్త పాయింట్లు వేశాం, కామ్‌కి గ్రీజు రాశాం. టైమింగ్‌కి ఒక వరస ఉంది. డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని తిప్పి ముందు కుడి సిలిండర్ టైమింగ్ పెట్టాలి. అది బిగించాక, ఎడమ పాయింట్లున్న ప్లేటు ఒక్కదాన్నే జరిపి ఎడమది పెట్టాలి. వరస తిరగబడితే రెండోది సరిచేసినప్పుడల్లా మొదటిది చెడుతుంది. స్పార్కు పడినప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైటు వెలుగులో ఫ్లైవీల్ మీది ఆ గీతలు నిలబడిపోయినట్టు కనిపించినప్పుడు నేను కేక పెట్టాను. "చూశావా మరి!" అన్నాడు మాస్టారు, ఆ రంధ్రంలోకి వంగి చూడకుండానే.

మూడో ఆదివారం కార్బరేటర్లు. దెల్లోర్తో కంపెనీవి, చదరపు స్లైడులున్న వీహెచ్‌బీ 30లు. పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూలు రెండూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదిలి మొదలుపెట్టాం. సమానం చేయడానికి గేజీలు లేవు. మాస్టారు ఒక చెక్కకి బిగించిన పొడవాటి పారదర్శక గొట్టం తెచ్చాడు. యూ ఆకారంలో వంచి, మధ్యలో టూస్ట్రోక్ ఆయిల్ పోశాడు. రెండు కొసలూ రెండు సిలిండర్ల ఇన్‌టేక్‌లకి. ఏ సిలిండర్ ఎక్కువ పీలుస్తుంటే ఆయిల్ అటు ఎక్కుతుంది. పొరపాటున ఇంజన్‌లోకి వెళ్లినా కాలిపోతుంది, నష్టం లేదు. ముందు స్టాప్ స్క్రూలతో ఐడ్లింగ్ దగ్గర సమానం చేశాం, తర్వాత రేస్ కొద్దిగా తెరిచి యాక్సిలరేటర్ వైర్ల దగ్గర. ఆయిల్ రెండు వైపులా ఒకే ఎత్తుకి వచ్చి సన్నగా వణుకుతూ నిలబడింది. నీళ్ల చుక్కలు వేశాను. రెండూ చుయ్‌మన్నాయి.

సెప్టెంబరులో అందరం కలిసి లెక్కో మీదుగా, కోమో సరస్సు ఒడ్డునే మండెల్లో వెళ్లాం. 1921లో కార్లో గుట్సి, జోర్జో పరోదీ ఫ్యాక్టరీ పెట్టింది ఇక్కడే. వాళ్లతో కలవాల్సిన మూడో స్నేహితుడు, పైలట్ జొవాన్ని రవెల్లి 1919లో విమాన ప్రమాదంలో పోయాడు. ట్యాంకు మీది గద్ద అతని గుర్తే. ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపి ఆ గద్ద మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణుంచి వరెన్నా దగ్గర బళ్లతో సహా ఫెర్రీ ఎక్కి బెల్లాజియోలో దిగి, గిసాల్లో కొండ ఎక్కాం. ఈ బండిలో కాలి బ్రేకు తొక్కితే వెనక డిస్కుతో పాటు ముందున్న ఎడమ డిస్కు కూడా పడుతుంది, చేతి బ్రేకు కుడి డిస్కుకే. బెజవాడ ట్రాఫిక్‌లో వెనక బ్రేకు మీదే బతికిన నా కాలికి ఆ మలుపుల్లో ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

పైన చర్చి దగ్గర ఆగాక, మాస్టారు నా బండి ఆపొద్దని సైగ చేసి, పక్కన నిలబడి కళ్లు మూసుకుని ఐడ్లింగ్ విన్నాడు. తర్వాత తన బండి చూపించి అన్నాడు: "వచ్చే ఆదివారం దీని పాయింట్లు నువ్వు పెట్టాలి. ఆ గీతలు నాకు కనబడటం మానేసి రెండేళ్లయింది."

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ఆయన స్ట్రోబ్ లైటు నా చేతికిచ్చి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రబ్బరు మూత తీశాను. ముందు డి.