మగలుఁ దగులుఁ గారె మగువలకును

గజేంద్ర మోక్షం పారాయణ అనగానే అందరి నోటా వచ్చేవి రెండే పద్యాలు. ‘లా వొక్కింతయు లేదు’ దగ్గర కళ్లు మూసుకుంటారు, ‘సిరికిం జెప్పఁడు’ దగ్గర తెరుస్తారు. కాలు మొసలి నోట చిక్కి ఆ ఏనుగు వెయ్యేళ్లు పెనుగులాడిన సంగతి ఎవరికీ పట్టదు. నాకు ఆ వెయ్యేళ్లే కావాలి. అందుకే రోజూ ఈ ఆటవెలది చదువుకుంటాను:

మకరితోడఁ బోరు మాతంగవిభుని నొ
క్కరుని డించి పోవఁ గాళ్ళు రాక
కోరి చూచుచుండెఁ గుంజరీయూథంబు
మగలుఁ దగులుఁ గారె మగువలకును?

నన్ను పట్టిన మొసలి విడిచేది కాదు. ప్రోస్టేట్ (మగవారికి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఎముకలకు పాకాక పూర్తిగా నయం చేసే వైద్యం లేదు, అదుపులో పెట్టే వైద్యం ఉంది. మగ హార్మోను అందకుండా చేస్తే ఈ జబ్బు నెమ్మదిస్తుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే అమెరికా వైద్యుడు చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇవాళ మూడు నెలలకోసారి నేను వేయించుకునే ఇంజెక్షను ఆ దారిలో వచ్చిందే. రక్తపరీక్షలో ఈ జబ్బు జాడ చెప్పే పీఎస్ఏ అంకె తగ్గుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది. ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు’ అన్న పాదాలు చదివినప్పుడల్లా నా రిపోర్టులే కళ్లముందు కదులుతాయి.

ఆ మందు ప్రాణం నిలబెడుతుంది, బదులుగా కొన్ని తీసుకుపోతుంది. కండ కరుగుతుంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లెత్తి చెమటలు పడతాయి. ఎముకలు బలహీనపడతాయి. కోరిక పోతుంది. ఈ చివరి మాట దగ్గరే మగవాడు నోరు మూసుకుంటాడు. పక్క వేరే గదిలో వేయించుకుంటాడు, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాడు, కారణం మాత్రం చెప్పడు.

ఇప్పుడు పద్యం చూడండి. గజేంద్రుడు సామాన్యుడా? మందకు నాయకుడు. ఆడ ఏనుగులతో ఆడుకుంటూ మదంతో మడుగులో దిగాడు. మొసలి పట్టింది కూడా ఆ ఆటలోనే. ఆ బలమూ ఆ మదమూ వాళ్లు చూస్తుండగానే జారిపోయాయి. విడిపించే శక్తి వాళ్లకు లేదు. అయినా ‘పోవఁ గాళ్ళు రాక’ నిలబడ్డారు. మగువలకు మగలే బంధం కదా అని ఆ చివరి పాదం. బలం ఉన్ననాడు ఎవరైనా వెంట నడుస్తారు. వీళ్లు బలం పోతున్నవాడి కోసం ఆగారు. ఎంత తల్లి మనసుంటే పోతన గారు ఆ చోట కథ ఆపి ఆ ఆడ ఏనుగులను చూశారు!

నాకు ఆ గుంపులో మా ఆవిడ కనిపిస్తుంది. డాక్టరు ఆ మార్పులన్నీ ఒక్కొక్కటే చెబుతుంటే నేను నేలచూపులు చూస్తున్నాను. ఆవిడ మాత్రం, “ఎముకలకు బలం రావాలంటే ఏం పెట్టమంటారండీ?” అని అడిగింది. అప్పటికే రేపటి వంట గురించి ఆలోచిస్తోంది. నా ఆశ అక్కడ మొదలైంది.

పారాయణ చేసి ఇంజెక్షను మానెయ్యమని సలహా ఇచ్చే బంధువులున్నారు. వినగానే ఒళ్లు మండుతుంది. గజేంద్రుడు పోరు మానేసి స్తోత్రం అందుకున్నాడా? ఒంట్లో సత్తువ ఉన్నంతవరకూ ఈడ్చాడు. స్వామిని మందుకు పోటీగా నిలబెట్టడం భక్తి ఎలా అవుతుంది?

‘కలఁడు కలండనెడువాఁడు కలఁడో లేఁడో’ అన్న అనుమానమూ ఆ గజేంద్రుడి నోటనే వచ్చింది. రిపోర్టు వచ్చే ముందు రాత్రి నాకూ వస్తుంది. అనుమానపడుతూనే పిలవవచ్చని ఆ పద్యమే నాకు చనువిచ్చింది. పిలుస్తున్నాను.

అన్నలారా, తమ్ముళ్లారా! మూత్రంలో రక్తం కనబడినా, ధార సన్నబడినా, నడుము నొప్పి వదలకపోయినా సిగ్గుపడి దాచకండి. ఇంట్లో చెప్పండి. ఇద్దరూ కలిసి యూరాలజిస్టు (మూత్రవ్యాధుల డాక్టరు) దగ్గరికి వెళ్లండి. మందు వల్ల మీలో ఏమేం మారుతుందో డాక్టరు చెప్పేటప్పుడు ఆవిడను బయట కూర్చోబెట్టకండి.