ఫ్యూరీ రోడ్: కన్ను తడబడని ఛేజ్

జార్జ్ మిల్లర్ తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ 2015లో వచ్చింది, 6 ఆస్కార్లు గెలిచింది. కళింగపట్నం ఇసుకలోనో, విజయనగరం శివారు రోడ్ల మీదో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లకి అందులో పెద్ద పాఠం ఎడిటింగే.

2 గంటల సినిమాలో దాదాపు 2,700 షాట్లు. అయినా తికమక లేదు. ముఖమైనా, తుపాకీ అయినా, చూడాల్సింది చాలాసార్లు ఫ్రేముకి నట్టనడుమే ఉంటుంది. కట్ పడ్డాక కన్ను వెతుక్కోదు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు!

ఫోన్‌లో కెమెరా గ్రిడ్ (తెర మీద గడుల గీతలు) ఆన్ చేసి, బండి నడిపేవాడి కళ్లని మధ్య గడిలో పెట్టండి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేముల షాటంటే అర సెకనే. మనిషి ఒక షాట్‌లో ఎడమ అంచున, తర్వాతి దాంట్లో కుడి అంచున ఉంటే, చూపు అక్కడికి చేరేలోపే షాట్ అయిపోతుంది. వేగం కోసం బండిని ఉరికించొద్దు. నెమ్మదిగా తీసి, ఎడిట్‌లో స్పీడు 110 శాతం చేయండి. మరీ పెంచితే వెనక నడిచేవాళ్లు బొమ్మల్లా గెంతుతారు.

కథలో విలన్ జో జనానికి నీళ్లు కాసేపు వదిలి కట్టేస్తాడు. తాగునీటి కోసం ఏళ్లుగా అల్లాడిన ఉద్దానం వాళ్లకి ఆ సీను వేరే లోకంలా అనిపించదు.