సింఫనీ కంట్రోలర్‌లో రిక్వెస్ట్ ఎక్కడ దొరుకుద్ది?

సింఫనీ అంటే ఒక పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్, బ్రౌజరో యాపో పంపిన రిక్వెస్ట్‌ని అందుకుని జవాబిచ్చే కోడే కంట్రోలర్. బ్రాడీపేట ఆఫీసులో మా పక్క సీటు కుర్రాడు మొన్న అడిగాడు, "అన్నా, కంట్రోలర్‌లో $దిస్->గెట్‌రిక్వెస్ట్() రాస్తే ఎర్రర్ కొడుతుందేంటి?" అని. ఏదో పాత ట్యుటోరియల్ పట్టుకున్నాడులే, అది సింఫనీ 2 కాలం నాటి సంగతి, 2.4లోనే వాడొద్దన్నారు, 3.0లో పీకేశారు.

ఇప్పుడైతే మెథడ్ బ్రాకెట్లలో రిక్వెస్ట్ $రిక్వెస్ట్ అని రాస్తే చాలు, సింఫనీయే టైపు చూసుకుని తెచ్చిచ్చిద్ది, వేరియబుల్‌కి ఏ పేరు పెట్టినా పట్టించుకోదు. కాకపోతే పైన యూజ్ లైన్ ఒకసారి చూస్కోండి, హెచ్‌టీటీపీఫౌండేషన్ది రావాలి, ఎడిటర్ ఒక్కోసారి బ్రౌజర్‌కిట్‌లో (సింఫనీదే ఇంకో కాంపొనెంట్) ఉన్న రిక్వెస్ట్‌ని తెచ్చి తగిలిస్తది, పేరు అదే కాబట్టి చప్పున కనిపెట్టలేం.

ఇక లోపల ఏది ఎక్కడుందో. మాది మిర్చి కొట్ల లెక్కల యాప్. అడ్రస్ చివర ?రకం=తేజ అని వస్తే $రిక్వెస్ట్->క్వెరీ->గెట్('రకం'). ఫారంలో పోస్ట్ చేసిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కయితే $రిక్వెస్ట్->రిక్వెస్ట్‌లో ఉంటది, అవును రెండుసార్లు రిక్వెస్టే, ఆ పేరు ఎవరు పెట్టారో గానీ దణ్ణం. అదే లెక్క ఫోన్ యాప్ నుంచి జేసన్‌గా వస్తే మాత్రం అక్కడ ఖాళీ! 6.3 నుంచి గెట్‌పేలోడ్() ఉంది, ఫారమైనా జేసనైనా అదే చూసుకుంటది.

ఉత్త $రిక్వెస్ట్->గెట్('ఐడీ') జోలికి నేనైతే పోను, 7.4లో వాడొద్దన్నారు, 8.0లో పీకేశారు కూడా. ఉన్న వెర్షన్లలో అది ముందు రూట్ యాట్రిబ్యూట్స్ (అడ్రస్ దారిలోంచి తీసిన విలువలు), తర్వాత క్వెరీ, ఆఖర్న పోస్ట్ వెతుకుద్ది, రూట్‌లో ఐడీ ఉండి ఫారంలోనూ ఐడీ ఉందనుకోండి, లాట్ ఐడీ అనుకుని రైతు ఐడీ పట్టుకుపోతాం, ఎర్రర్ కూడా రాదు.

కంట్రోలర్ బయట, అంటే సర్వీసుల్లో కావాలంటే రిక్వెస్ట్‌లని ఒకదానిపై ఒకటి పేర్చి ఉంచే రిక్వెస్ట్‌స్టాక్‌ని ఇంజెక్ట్ చేసుకుని, పనిబడ్డ మెథడ్‌లోనే గెట్‌కరెంట్‌రిక్వెస్ట్() పిలవాలి. కన్‌స్ట్రక్టర్‌లోనే పిలిచి దాచిపెట్టుకోకండి, మధ్యలో సబ్ రిక్వెస్ట్ (ఒక రిక్వెస్ట్ లోపలే సింఫనీ నడిపే ఇంకోటి) వస్తే స్టాక్ పైనున్నది మారిపోద్ది, మన దగ్గర పాతదే ఉంటది. క్రాన్‌లో (టైముకి దానంతటదే) నడిచే కమాండ్‌లో అయితే రిక్వెస్టే ఉండదు, నల్ వచ్చిద్ది, ఆ చెక్ పెట్టుకోండి. ఇంకా మాట్లాడితే కమీషన్ లెక్కేసే సర్వీసుకి రిక్వెస్ట్‌తో ఏం పని చెప్పండి, కంట్రోలర్‌లోనే రకం, టిక్కీలు తీసి చేతికిస్తే సరిపోద్దిగా.

లారవెల్ (ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) వాళ్ళకీ క్వెరీ, హెడర్స్ ఇవన్నీ ఇలాగే పనిచేస్తాయి, వాళ్ళ రిక్వెస్ట్ క్లాసు సింఫనీ దాన్ని ఎక్స్‌టెండ్ చేసిందే.